జపాను భాషలో లిపియు పదనిష్పత్తియు

లిపి భాషకు వస్త్రము వంటిదనియు, వస్త్రము మార్చినంత మాత్రమున దేహము మాఱదనియు భాషాశాస్త్ర పాఠములయందు మొదటి దినముననే చెప్పుచుందుము. ఈ సిద్ధాంతమునకు నేటి కాలమున ప్రామాణ్యము కల్పించినవాడు సొస్యూరు. ఆయన మరణానంతరము 1916లో వెలువడిన ఉపన్యాస గ్రంథమున, భాషను సూచించుట తప్ప లిపికి వేఱు ప్రయోజనము లేదని నిర్ణయింపబడినది. 1933లో బ్లూంఫీల్డు ఇంకొక యడుగు ముందునకు వేసి, వ్రాత భాషయే కాదనియు, కంటికి కనబడు గుర్తులతో భాషను పదిలపఱచుకొను ఉపాయము మాత్రమేయనియు వ్రాసెను. తెలుగు వంటి భాషల విషయమున ఈ మాట చాలవఱకు నిజము. కాని సొస్యూరు తన సూత్రమునకు తానే యొక హద్దు గీసికొనెనను సంగతి పాఠము చెప్పునప్పుడు మఱచుచుందుము. చీనీయులకు వ్రాసిన గుర్తును పలికిన పదమును సమానముగ భావసంకేతములేయనియు, వారికి లిపి రెండవ భాష వంటిదనియు ఆయన యంగీకరించి, తన పరిశీలనమును ధ్వనిలిపులకే పరిమితము చేసికొనెను. ఆ హద్దున కావల నేమున్నదో చూచుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇందులకు చీనా భాషకంటె జపాను భాష మంచి యాధారము. చీనా లిపి చీనా భాషకై పుట్టినది. జపానీయులో, తమ భాషతో పుట్టుక సంబంధమే లేని భాష యొక్క లిపిని తెచ్చి తమ భాషకు తగిలించుకొనిరి. అతుకు వేసినచోటనే గుడ్డ నేత తెలియునట్లు, లిపికిని భాషకును గల సంబంధ మిట్టిచోటనే స్పష్టమగును. రెండవ కారణము మనకు సంబంధించినది. జపానీయులు చీనా పదాంశములతో శాస్త్రపదములు కూర్చుకొని సమస్త శాస్త్రములను స్వభాషలో బోధించుకొనుచున్నారు గదా, మనమును సంస్కృత పదాంశములతో నట్లే కూర్చుకొన్నచో నేల చెల్లదు అను వాదము పారిభాషిక పద చర్చలలో వినవచ్చుట కలదు. అక్కడ చీనా, ఇక్కడ సంస్కృతము. రెండును ఎరువు సొమ్ములే. పోలిక పైకి నిర్దుష్టముగ కనబడును. అందొక మెలిక కలదని మా యభిప్రాయము.

చీనా భాషలో పదాంశములు ప్రాయికముగ ఏకాక్షరములు. విభక్తులు, క్రియారూపభేదములు లేవు. జపాను భాష తెలుగు వలె ప్రత్యయములను వెనుక చేర్చుకొనునది, క్రియను వాక్యము తుద నిలుపునది. కొరియా మీదుగా వచ్చిన చీనాక్షరములతో ఇట్టి భాషను వ్రాయుటకు పూర్వులు పడిన పాట్లు 712లో రచింపబడిన కొజికి గ్రంథమునందే కనబడును. అర్థము గల మాటలకు అర్థమును బట్టి అక్షరము వ్రాసిరి. ప్రత్యయములకును వ్యక్తినామములకును అర్థమును విడిచి ధ్వనికొఱకు మాత్రమే అక్షరమును వాడిరి. ధ్వనికై వాడిన యక్షరములే జారుడు వ్రాతలో అరిగి అరిగి హిరగాన యయ్యెను. అక్షరములోని యొక ముక్కను మాత్రము గ్రహించి బౌద్ధ భిక్షువులు గ్రంథముల యంచులలో గుర్తులు పెట్టుకొనగా కతకాన పుట్టెను. నేటి జపాను వాక్యమున ఈ మూడు లిపులును కలసియే యుండును: ధాతువులకు, నామములకు చీనాక్షరములు, ప్రత్యయములకు హిరగాన, పాశ్చాత్య పదములకు కతకాన.

కాన లిపుల వర్ణక్రమమును గూర్చి ఒక్క మాట చెప్పక ముందునకు పోజాలము. అది అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగును. ఇది మన వర్ణమాలయే. సిద్ధలిపిలో సంస్కృత మంత్రములు చదివిన బౌద్ధుల శబ్దశాస్త్రజ్ఞానము దీనికి మూలము. చకారముండవలసినచోట సకారమేల, పకారముండవలసినచోట హకారమేల అని విద్యార్థులు సందేహింపవచ్చును. జపాను భాషలో నేటి హకారము ప్రాచీనకాలమున పకారము. మన పాలు కన్నడమున హాలు అయినట్లే అదియు మాఱినది. నేటి సకారమును ఆకాలమున చకారమునకు దగ్గఱగ నుండెనని పండితు లూహించుచున్నారు. ధ్వనులు మాఱినను వరుస మాఱలేదు. నేటికిని జపాను నిఘంటువులు ఈ వరుసలోనే కూర్పబడుచున్నవి.

ఇక ప్రకృతము. జపాను భాషలో ఒక్కొక్క చీనాక్షరమునకు సాధారణముగ రెండు తెగల పఠనములు కలవు. చీనా పలుకుబడిని అనుకరించునది ‘ఓన్’; దీనిని ధ్వనిపఠన మందము. అదే యర్థము గల దేశ్యపదముతో చదువుట ‘కున్’. దీనిని అర్థపఠన మందము. నీటిని సూచించు అక్షరమునకు ధ్వనిపఠనము ‘సుయి’, అర్థపఠనము ‘మిజు’. తెలుగులో నుపమానము చెప్పవలెనన్నచో, ఒకే గుర్తును వ్రాసి, దానిని సమాసములో ‘జల’ యనియు విడిగా నున్నప్పుడు ‘నీరు’ అనియు చదువుట యని చెప్పవచ్చును. చీనా పలుకుబడి వేర్వేరు కాలములలో, వేర్వేరు ప్రాంతములనుండి వచ్చుటచేత ధ్వనిపఠనములును పొరలు పొరలుగ నున్నవి: పోవుటను తెలుపు అక్షరము ఒక పొరలో ‘గ్యో’, ఒక పొరలో ‘కో’, ఒక పొరలో ‘అన్’. జీవమును, పుట్టుకను తెలుపు అక్షరమునకు ప్రభుత్వము వారి పట్టికయందే 12 పఠనములు చూపబడినవి. విదేశీయ విద్యార్థులకు ఇది కంటకము. మాకు మాత్రము ప్రస్తుత విషయమున కిదియే గని.

ఏలయన, ఒకే గుర్తునకు రెండు పలుకుబడు లున్నప్పుడు, గుర్తు నాధారము చేసికొని ఒక పలుకుబడినుండి మఱియొక పలుకుబడికి దాటవచ్చును. అట్లు దాటుటచే క్రొత్త పదములు పుట్టినవి. ప్రత్యుత్తరమునకు ప్రాచీన జపానులో ‘కయెరిగొతొ’ యని దేశ్యపదము కలదు. దీనిని రెండు చీనాక్షరములతో వ్రాసికొనిరి. కొంతకాలమునకు ఆ రెండక్షరములను ధ్వనిపఠనముతో ‘హెంజి’ యని చదివిరి. నేడు ప్రత్యుత్తరమునకు జనుల నోట నున్న మాట హెంజియే. ముల్లంగికి ‘ఓనె’, అనగా పెద్ద వేరు, అని దేశ్యనామ ముండెడిది. వ్రాసి చదువుకొనగా అది ‘దైకొన్’ అయినది. కోపమును వారు కడుపు లేచుటగ చెప్పుదురు. ఆ పలుకుబడిలోని రెండు మాటలను వ్రాసి, తలక్రిందుగ చీనా వరుసలో పెట్టి, ‘రిప్పుకు’ అని చదివిరి. మనము కడుపుమంట యని వ్రాసికొని, దానినే ఉదరజ్వాల యని చదివి, పిమ్మట బజారులో కూడ ఉదరజ్వాల యనియే పలుకుచున్నట్లు ఊహించుకొనవలెను. హెంజి, దైకొన్, రిప్పుకు అను మూడును చీనా పదములవలె వినబడును, కాని చీనానుండి వచ్చినవి కావు. ధ్వనిపరిణామ సూత్రములచే కయెరిగొతొ హెంజి కాజాలదు. సాదృశ్యముచేతను కాజాలదు. మధ్య కాగితము మీది గుర్తు లేనిదే ఈ పరిణామము అసంభవము.

ఇంతకంటె బలమైన నిదర్శనము కుదింపు పదములందున్నది. ఓసాకా, కోబే అను రెండు నగరముల నడిమి ప్రాంతమునకు ‘హన్షిన్’ అని పేరు. ఓసాకాలోని రెండవ యక్షరము, కోబేలోని మొదటి యక్షరము గ్రహించి ఈ పేరు కూర్చిరి. కాని ఓసాకాలో ‘సాకా’ యని అర్థపఠనమున పలుకు నక్షరము ఇక్కడ ధ్వనిపఠనమున ‘హన్’ అయినది. కోబేలో ‘కో’ యని పలుకునది ‘షిన్’ అయినది. మూలపదములలోని ఒక్క ధ్వనియు కుదింపు పదమున మిగులలేదు. క్యోటో ఓసాకాలు కలసి ‘కేయిహన్’ అగుటయు నిట్టిదే. మన యొద్దను కుదింపు పదములు లేకపోలేదు. 1943లో ఏర్పడిన అభ్యుదయ రచయితల సంఘము అరసమైనది. 1970లో విప్లవ రచయితల సంఘము విరసమైనది. ఇవి అక్షరముల ఎన్నికచే నేర్పడినవే. విరసమను మాటకు అంతకుముందే నిఘంటువులో నున్న యర్థమును గూర్చి సాహిత్యవిమర్శకులు పడిన సరదా యట్లుండనిండు. కాని అరసములోని అకారము అభ్యుదయములోని అకారమే. రకారము రచయితలలోని రకారమే. చెవి వినగలిగిన దానినే చేయి ఏఱుకొన్నది. హన్షిన్ విషయమున చెవికి ప్రమేయమే లేదు. వస్త్రము వంటిదన్న లిపి ఇక్కడ బిడ్డను కన్నది. ఈ యొక్క ఉదాహరణము సొస్యూరు హద్దు గీయుట యెంత యుక్తమో తెలుపుచున్నది. ఆ హద్దును మఱచిన మన పాఠములు ఎంత యసమగ్రములో కూడ తెలుపుచున్నది.

శాస్త్రపదముల నిర్మాణమున జపానీయులకు ఇట్టి లిపి తోడ్పడిన విధము పరిశీలింపదగినది. 1774లో సుగిత గెంపకు మొదలగు వైద్యులు ఒక డచ్చి శరీరశాస్త్ర గ్రంథమును ‘కైతయి షిన్షో’ యను పేర అనువదించిరి. మూలకర్త కుల్ముస్ జర్మను దేశీయుడు. అనువాదకులకు డచ్చి భాష అంతంత మాత్రమే వచ్చును, నిఘంటువులు లేవు. నరములకు వారు ‘షింకేయి’ యను పదమును కూర్చిరి. అందలి మొదటి యక్షరము దైవమును, చైతన్యమును తెలుపును. రెండవది నాడీమార్గమును తెలుపును. కుఱచ యెముకవలె నుండి యెముక కాని పదార్థమునకు ‘నంకొత్సు’, అనగా మెత్తని యెముక, అనిరి. మన వైద్యపరిభాషలోని మృదులాస్థి సరిగా నిదియే. ఒకరి నొకరు చూచుకొనకయే రెండు దేశములవారు ఒకే మాట కూర్చిరి. 1805లో ఉదగవ గెన్షిన్ ఇంకను సాహసించెను. దేహములో రసములూరు గ్రంథులకు చీనాక్షరములలో తగినది కనబడక, మాంసమును తెలుపు అంగమును, ఊటబుగ్గను తెలుపు అంగమును కలిపి క్రొత్త యక్షరమునే సృష్టించెను. అది పిమ్మట చీనాకును పోయి అక్కడి వైద్యగ్రంథములలో స్థిరపడినది. మనము గ్రంథి యను పాతమాటకు, అనగా ముడికి, క్రొత్త యర్థ మిచ్చితిమి. వారు వ్రాతలో క్రొత్త ముడి వేసిరి.

ఆ వంశమున పెంపకమునకు వచ్చిన ఉదగవ యోఆన్ 1837 మొదలు ప్రకటించిన రసాయనశాస్త్ర గ్రంథమున వాయువులకు పేర్లు పెట్టెను: ‘సుయిసో’ (నీటి మూలము), ‘సాన్సో’ (పులుపు మూలము), ‘చిస్సో’ (ఊపిరాడనీయని మూలము). ఇవి డచ్చి పదములకు మాటకు మాట అనువాదములు. మనవారు హైడ్రోజనునకు ఉదజని యనియు, ఆక్సిజనునకు ఆమ్లజని యనియు పేర్లు పెట్టిరి. ఉద యనగా నీరు, ఆమ్లమనగా పులుపు. వారి ‘సో’ కు మన ‘జని’. కూర్పులో భేదమేమియు లేదు. అయినను వారి పిల్లవానికి సుయిసో యను పదము పాఠశాలనుండి వంటయింటివఱకు నొక్కటే. మన పిల్లవానికి ఉదజని పరీక్షాపత్రమున తప్ప కనబడదు. నేడు తెలుగు పాఠ్యపుస్తకములలోను హైడ్రోజను, ఆక్సిజను అను రూపములే తఱచుగ నున్నవి. ఈ భేదమునకు కారణమేమి?

జపాను భాషాశాస్త్రజ్ఞుడు సుజుకి తకావొ దీనికొక సమాధానము చెప్పెను. జపానీయునకు ప్రతి యక్షరమును రెండు పఠనములతో వచ్చును గనుక, సుయి యను ఎరువు పదాంశమును చూచినంతనే మిజు, అనగా నీరు, మనస్సున మెదలును. గ్రీకు లాటిను ముక్కలతో కూర్చిన ఆంగ్ల శాస్త్రపదములు ఆంగ్లేయ సామాన్యునకు అగమ్యములు. జపాను శాస్త్రపదములు చదువరికి తమ యర్థమును తామే చెప్పును. ఈ వాదమున బలమున్నది. పైన మేము చెప్పిన మెలిక యిదియే. తెలుగులో నీరు అను మాటకును ఉద యను ముక్కకును చెవిలో సంబంధము లేదు, కంటిలోను లేదు. ఉదకమను మాట తెలిసినవానికి లీలగ తోచవచ్చును. తెలియనివానికి అది వట్టి శబ్దము. జపానులో అర్థపఠన మనునది దేశ్యమునకును ఎరువునకును నడుమ కట్టిన వంతెన. మన లిపికి ఆ వంతెన లేదు, ఉండుటకు వీలును లేదు. కావున, జపానీయులు చేసిరి గనుక మనమును చేయవచ్చునను వాదము, కూర్చువాని విషయమున సరియే కాని, చదువువాని విషయమున సరికాదు.

అయినను సుజుకి వాదమును పూర్తిగ నంగీకరింపజాలము. ఆయన యెన్నుకొన్న యుదాహరణములు నీరు, సరస్సు, కోతి వంటి కంటికి కనబడు వస్తువులకు సంబంధించినవి. భావవాచకముల విషయమున వంతెన కూలును. నిషి అమనె (1829-1897) తత్త్వశాస్త్రమునకు కూర్చిన ‘తెత్సుగకు’ అను పదమును చూడుడు. రెండవ యక్షరము విద్యను తెలుపునని బాలురును ఎఱుగుదురు. మొదటి యక్షరమునకు వాడుకలో అర్థపఠనము లేదు. తెత్సుగకులో తప్ప, వ్యక్తినామములలో తప్ప అది కనబడుటయు నరుదు. అట్టిచో ఆ మాట తన యర్థమును తాను చెప్పుట యెక్కడ? ఆర్థికశాస్త్ర విషయములకు వాడు ‘కేయిజయి’ లోకమును పాలించి ప్రజలను ఉద్ధరించుట యను పాత చీనా పలుకుబడినుండి తీసిన రెండక్షరముల ముక్క. ఆ రెండక్షరములను చూచి ధరవరలను ఊహింపగలవాడు లేడు. షింకేయి లోని దైవమును నేటి వైద్యుడెవడును తలపడు. కనబడు వస్తువులకు లిపి దీపము పట్టును. కనబడని భావములకు వాడుకయే గతి.

ఈ దీపమునకు వారు చెల్లించు చమురు ఖర్చు తక్కువ కాదు. చీనా భాషలో స్వరభేదములచే, అంత్యహల్లులచే వేర్వేరుగ నుండిన పదాంశములు జపాను నోట అన్నియు కొలది ధ్వనులలో నిమిడినవి. విజ్ఞానశాస్త్రము ‘కగకు’, రసాయనశాస్త్రమును ‘కగకు’. వ్రాతలో వేర్వేఱు అక్షరములు, నోట ఒకే మాట. అందుచేత రసాయనశాస్త్రమును చెప్పవలసినప్పుడు మొదటి యక్షరమును బుద్ధిపూర్వకముగ అర్థపఠనమునకు మార్చి ‘బకెగకు’ అందురు. పురపాలక పాఠశాలయు ప్రైవేటు పాఠశాలయు రెండును ‘షిరిత్సు’. మాటలాడునప్పుడు ఒకదానిని ‘ఇచిరిత్సు’ అనియు, వేఱొకదానిని ‘వతకుషిరిత్సు’ అనియు విడదీసి పలుకుదురు. ‘కిషా’ యనిన రైలుబండి, విలేకరి, తమ సంస్థ, కార్యాలయమునకు తిరిగివచ్చుట యను నాలుగును. నాలుగును కలిపి ఒకే వాక్యము చేయుట అక్కడ పిల్లల వేడుక. పితృభక్తి, ఓడ ప్రయాణము, ఉన్నత పాఠశాల, నోటి కుహరము, అన్నియు ‘కోకో’. ఇందు చివరిదానిని వైద్యులు నియమమును మీఱి ‘కోకూ’ అని చదువుకొనుచున్నారు. గమనింపవలసినది, ఈ చిక్కులను తీర్చుకొను ఉపాయము కూడ లిపియందే యున్నది. కగకును బకెగకుగ మార్చువాడు మనస్సులో అక్షరమును చూచినవాడే.

ఇది మనకు బొత్తిగా పరాయి సంగతి యనరాదు. అర్థము, అర్ధము అను రెండు మాటలను తెలుగువారిలో వేర్వేరుగ పలుకువారు ఎందఱు? నోట రెండును ఒకటే యైనవి. థకార ధకార భేదమును వ్రాత యొక్కటే కాపాడుచున్నది. విద్యార్థిని విద్యార్ధిగ వ్రాయుట తప్పని మనము ఎఱ్ఱసిరాతో దిద్దునప్పుడు చేయుచున్నది ఉచ్చారణమును దిద్దుట కాదు. చెవి విడిచిపెట్టిన భేదమును కంటిలో నిలుపుట. పలికినదే వ్రాయుదుమను మన గర్వమునకు ఇది చిన్న గండి. కాని మనకు గండియైనది వారికి ఏటి పాయ.

లిపికి ఇంత ప్రాధాన్య మిచ్చుట అంగీకరింపనివారు కలరు. 1984లో డిఫ్రాన్సిస్ చీనాక్షరములు భావములను నేరుగ తెలుపునను నమ్మకమును కల్పన యని ఖండించెను. అక్షరములందును ధ్వన్యంశమే ప్రధానమని నిరూపించెను. అంగర్ జపాను విషయమున ఆ వాదమును పెంచెను. వీరి పక్షమున బలమైన సాక్ష్యము అంధుల లిపి. 1890లో ఇషికవ కురజి కూర్పు ఆమోదింపబడినది మొదలు జపాను అంధులు చదువు చుక్కల లిపి ప్రధానముగ కాన లిపియే. చీనాక్షరములు లేకయే వారు సమస్తమును చదువుకొనుచున్నారు. కొరియా మఱియొక సాక్ష్యము. 1446లో ప్రకటింపబడిన స్వలిపిలోనే ఉత్తర, దక్షిణ కొరియాలవారు నేడు చీనాజన్య పదములను వ్రాయుచున్నారు. అగ్ని నివారణమును, నిప్పుపెట్టు నేరమును రెండును అక్కడ ‘బంగ్‌హ్వా’. జపానులో ఇవి ‘బోకా’, ‘హోకా’ అని వేర్వేరుగ నున్నవి. అయినను కొరియాలో ఇండ్లు తగులబడుటలేదు. సందర్భమే అర్థమును నిర్ణయించుచున్నది. వియత్నామువారు రోమను లిపికి మాఱిరి. వారి భాషలో స్వరభేదము లుండుటచే సమధ్వని పదముల బాధయు తక్కువ.

ఈ సాక్ష్యములు నిజములే. కాని ఇవి పదముల మనుగడను గూర్చిన సాక్ష్యములు. పుట్టుకను గూర్చినవి కావు. తెత్సుగకు పదమును కొరియావారు ‘చొల్హక్’ అని, వియత్నామువారు ‘త్రియెత్ హొక్’ అని, చీనావారు ‘జెష్వె’ అని పలుకుచున్నారు. జపానులో వ్రాసిన రెండు గుర్తులు ఆయా దేశముల పలుకుబడిలోనికి ప్రవేశింపగలుగుట, ఆకాలమున నలువురును ఒకే లిపిని చదివినవారగుటచేతనే సంభవించినది. పుట్టిన పిమ్మట మంత్రసాని అవసరము లేదు. అంతమాత్రమున మంత్రసాని లేకయే బిడ్డ పుట్టెననుట తగదు. డిఫ్రాన్సిస్, అంగర్ వాదములయందు ఈ విభాగము తగినంత స్ఫుటముగ లేదని మాకు తోచుచున్నది.

లిపిని తగ్గించినప్పుడు పదములకేమి గతి పట్టినదో జపానీయుల సంస్కరణ చరిత్రయే చూపును. 1866లోనే మయెజిమ హిసొక చీనాక్షరములను విడువవలెనని షోగునునకు విన్నపము వ్రాసెను. యుద్ధానంతరము 1946లో ప్రభుత్వము 1850 అక్షరముల పట్టిక చేసి, వాడుకను అంతవఱకు పరిమితము చేయబూనెను. పట్టికలో లేని యక్షరములతో నున్న పదములకు, అదే ధ్వని గల వేఱు అక్షరములను వాడుకొనవచ్చునని 1956లో ఒక సూచీపత్రమును వెలువరించిరి. ఆటంకమను నర్థము గల ‘షోగయి’ పదమున రెండవ యక్షరము అడ్డును తెలుపునది. అది పట్టికలో లేదు. హానిని తెలుపు ‘గయి’ దాని స్థానమున స్థిరపడినది. ధ్వని మాఱలేదు. అయినను అంగవైకల్యము గలవారిని తెలుపు మాటలో హాని యను నక్షరము కూర్చున్నది. లిపి వట్టి వస్త్రమైనచో ఎవరికిని బాధ కలుగరాదు. కాని బాధ కలిగినది. పాత యక్షరమును పట్టికలో చేర్పవలెనని 2010 నాటి సవరణకు ముందు కోరిరి. 2136 అక్షరములతో వెలువడిన ఆ పట్టికలో దానికి చోటు దొరకలేదు. నేడు పలువురు ఆ యొక్క భాగమును హిరగానలో వ్రాసి, హానిని కంటికి కనబడనీయక దాటిపోవుచున్నారు.

మన వైపునకు వచ్చినచో, 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడిన పిమ్మట ఎన్నో శాస్త్రముల పదకోశములు వెలువడినవి. వానిలోని తత్సమ పదముల కూర్పును జపాను కూర్పుతో పోల్చి మెచ్చుకొనుటలో తప్పు లేదు. మృదులాస్థి నంకొత్సుకు ఏమాత్రమును తీసిపోదు. మేము కాదనునది ఒక్కటే: జపానులో పదము వ్యాపించుటకు లిపి చేసిన సాయమును మన కూర్పునుండి ఆశించుట. ఆ సాయము లేనిచోట పదమునకు వేఱు త్రోవ కావలెను. ఆ త్రోవ యెట్లుండునో చూచుటకు విదేశములకు పోనక్కఱలేదు. ఉదజని, ఆమ్లజని, నత్రజని అను మూడును ఒకే అచ్చున పోసిన పదములు. వీనిలో కూర్పునకు అన్నిటికంటె మసకయైనది నత్రజనియే. నత్ర యను ముక్క విదేశపదపు ధ్వనికి అనుకరణమే కాని, ఆ యర్థమున సంస్కృతమున ప్రసిద్ధి గలది కాదు. ఉదజని పుస్తకములలో నిలిచిపోయినది. ఆమ్లజనిని ప్రాణవాయువు వెనుకకు నెట్టినది. నత్రజని మాత్రము రైతు నోట నున్నది. ఎరువుల కొట్టులో బస్తా కొనునప్పుడు భాస్వరమెంత, పొటాషెంత, నత్రజని యెంత యని అడుగు రైతునకు ఆ మాటలోని ముక్కలతో పని లేదు. వరి ఆకు పసుపుపచ్చబడిన దినమున దాని యర్థము ఆయనకు తెలిసినది.